కత్తులు మింగేవాడి గొంతులో గొట్టం దించిన డాక్టర్.. కడుపులోకి తొలి చూపు కథ ఇదే!

కడుపులో, పేగుల్లో కణితి ఉందంటే ఒకప్పుడు పొట్ట కోయాల్సిందే. ఇప్పుడు చాలా కేసుల్లో ఎండోస్కోపీతోనే తీసేస్తున్నారు. ఈ దారిలో తొలి అడుగులు వేసినవాళ్లలో జర్మనీ డాక్టర్ అడాల్ఫ్ కుస్మాల్ ఒకరు. ఇంతకీ ఆయన ఏం చేశారంటే..

కుస్మాల్ 1822లో కార్ల్స్‌రూ దగ్గర గ్రాబెన్‌లో పుట్టారు. తండ్రి కూడా డాక్టరే. హైడెల్‌బర్గ్‌లో చదివి, కొన్నాళ్లు సైన్యంలో పనిచేసి, కాండర్న్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీస్ పెట్టారు. ఇంతలో పెద్ద జబ్బు చేసి మంచాన పడ్డారు. ఊళ్లు తిరిగి వైద్యం చేసే ఓపిక లేకపోవడంతో మళ్లీ చదువు బాట పట్టి, ప్రొఫెసర్ అయ్యారు.

ఫ్రైబుర్గ్‌లో ఉండగా ఆయన దగ్గరికి కడుపు కింది దారి మూసుకుపోయిన రోగులు వచ్చేవాళ్లు. తిన్నది కిందికి దిగక, వాంతులతో చిక్కిపోయేవాళ్లు. 1867లో గొట్టం, పంపుతో కడుపు కడిగి వాళ్లకి ఉపశమనం ఇచ్చారు. కానీ లోపల అసలేముందో కంటితో చూడాలి కదా!

1868లో కత్తులు మింగే ఓ కళాకారుడిని పిలిపించారు. తల వెనక్కి వంచితే నోటి నుంచి కడుపు దాకా దారి తిన్నగా వస్తుంది. 47 సెంటీమీటర్ల పొడవున్న గట్టి గొట్టం లోపలికి దిగింది. దెబ్బకొట్టింది మాత్రం వెలుతురే. కరెంటు బల్బు లేని రోజులవి. దీపం వెలుగు సరిపోక కడుపు సరిగ్గా కనిపించలేదు. చివరికి ఆ ప్రయత్నం పక్కన పెట్టేశారు.

అయినా ఆయన పేరు నిలిచిపోయింది. షుగర్ ముదిరి కోమాలోకి వెళ్లేవాళ్లలో కనిపించే బరువైన శ్వాసను 1874లో వివరించారు. దాన్ని ఇప్పటికీ కుస్మాల్ శ్వాస అంటారు. 1902లో హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశారు.

ఆయన ఆగిన చోట మిగతావాళ్లు మొదలుపెట్టారు. 1957 నాటికి వంగే ఫైబర్ స్కోప్ వచ్చింది. ఇప్పుడైతే కణితి కిందికి సూదితో జెల్ ఎక్కిస్తున్నారు. పైపొర దిండులా ఉబ్బి, కింద ఉన్న కండర పొరకు దూరంగా లేస్తుంది. సెలైన్ త్వరగా ఇంకిపోతుంది, జెల్ ఎక్కువసేపు నిలుస్తుంది. దాంతో పేగుకు చిల్లు పడే ముప్పు తగ్గుతుంది.

కుస్మాల్‌కి చీకటిగా మిగిలిన చోటే.. ఇవాళ డాక్టర్లు స్క్రీన్‌పై చూస్తూ కణితిని కోసి బయటికి తీస్తున్నారు.