కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - 1821 మే 8) స్కాట్లండుకు చెందిన సైనికాధికారి, భూమాపకుడు, చారిత్రక సామగ్రి సేకర్త. ఇతడు భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశంలో గ్రామ గ్రామాన ఉన్న స్థానిక చరిత్రలను, వంశావళులను, శాసనాలను సేకరింపజేసి భద్రపరచడం వలన ఇతని పేరు ఆంధ్రదేశ చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోయింది. ఈ స్థానిక చరిత్రలనే కైఫియత్తులు అంటారు. తెలుగువారి మధ్యయుగ చరిత్రకు, ముఖ్యంగా పాలెగాళ్ళ చరిత్రకు, ఇవి ప్రధానమైన ఆధారాలు.

జన్మస్థలం, పూర్వీకులు

మెకంజీ స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న హెబ్రిడీస్ దీవులలో ఒకటైన లూయిస్ దీవిలో, స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. తండ్రి మర్డోక్ మెకంజీ వర్తకుడు, ఆ పట్టణపు మొదటి పోస్టుమాస్టరు. ఇతని జన్మ సంవత్సరాన్ని సాధారణంగా 1754 గా చెబుతారు. కొన్ని గ్రంథాలలో 1753 అని కూడా ఉంది.

ఈ తేడాకు కారణం ఆ దీవి రికార్డుల స్వభావమే. స్కాట్లండులో జనన మరణాలను ప్రభుత్వం తప్పనిసరిగా నమోదు చేయడం 1855 లో మొదలైంది. అంతకు ముందు కాలానికి చర్చి పారిష్ రిజిస్టర్లే ఆధారం. స్టోర్నోవే పారిష్‌లో మిగిలి ఉన్న రిజిస్టర్లు 1760ల నుండి మాత్రమే లభిస్తున్నాయి. దీవిలోని ఇతర పారిష్‌లలో అవి ఇంకా ఆలస్యంగా మొదలౌతాయి. అందువలన మెకంజీ తరానికి చెందిన చాలామంది దీవివాసుల పుట్టుక ఏ పుస్తకంలోనూ కనబడదు.

ఇంటి పేరు కూడా పరిశోధకులకు పెద్దగా ఉపయోగపడదు. గేలిక్ భాషలో "మాక్" అంటే కుమారుడు. మెకంజీ అంటే కెన్నెత్ వంశీయుడు అని అర్థం. 1610 లో కింటెయిల్‌కు చెందిన మెకంజీలు మెక్లాయిడ్ వంశం నుండి లూయిస్ దీవిని స్వాధీనం చేసుకున్నారు. తరువాత వీరి నాయకులకు సీఫోర్త్ ప్రభువులనే బిరుదు వచ్చింది. క్రమంగా ఆ దీవిలో మెకంజీ అనే పేరు ఎంతో సాధారణమైపోయింది. ఒకే పేరు గల అనేకులలో ఒకరిని గుర్తించడానికి దీవివాసులు తండ్రి పేరు, తాత పేరు వరుసగా చేర్చి చెప్పేవారు. ఈ వరుసలు ఎక్కువగా నోటిమాటగానే నిలిచాయి. నేడు పూర్వీకుల కోసం వెదికేవారు పారిష్ రిజిస్టర్లతో పాటు సీఫోర్త్ జమీందారీకి చెందిన శిస్తు పట్టీలను కూడా పరిశీలిస్తారు. ఆ జమీందారీ కాగితాలు ఎడిన్‌బరోలోని స్కాట్లండు జాతీయ రికార్డుల కార్యాలయంలో ఉన్నాయి.

భారతదేశానికి రాక

మెకంజీ మొదట స్టోర్నోవేలోనే కస్టమ్స్ అధికారిగా కొంతకాలం పనిచేశాడు. ఆ కాలంలో నేపియర్ ప్రభువు తన పూర్వీకుడు, లాగరిథమ్‌ల సృష్టికర్త అయిన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రాసే ప్రయత్నంలో ఉన్నాడు. ఇందుకోసం హిందువుల గణితశాస్త్రం గురించిన సమాచారం సేకరించే పనిని మెకంజీకి అప్పగించాడు. ఆ విధంగా ఒక కుటుంబ చరిత్ర కోసం మొదలైన ఆసక్తి ఇతనిని భారతదేశం వైపు నడిపించింది. సీఫోర్త్ ప్రభువు పలుకుబడితో ఇతనికి ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఉద్యోగం లభించింది. 1783 సెప్టెంబరులో మద్రాసు చేరుకున్నాడు. ఆ తరువాత జీవితాంతం తన జన్మస్థలానికి తిరిగి వెళ్ళలేదు.

మదురైలో నివసిస్తున్న నేపియర్ కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ ఇంట్లో స్థానిక బ్రాహ్మణ పండితులతో ఇతనికి పరిచయం ఏర్పడింది. నేపియర్ గ్రంథం పూర్తి కాకపోయినా ఈ పరిచయం వలన దక్షిణదేశపు చరిత్రను సేకరించాలనే ఆలోచన ఇతనిలో బలపడింది.

సర్వే పనులు

1786 లో మెకంజీ ఇంజనీర్ల దళంలో చేరాడు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలోను, ఆ తరువాత నిజాం రాజ్యంలోను సర్వేలు చేశాడు. 1799 లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. టిప్పు సుల్తాన్ పతనం తరువాత మైసూరు రాజ్యపు సర్వేను ఇతనికి అప్పగించారు. దాదాపు 40,000 చదరపు మైళ్ళ ప్రాంతంలో దాదాపు పదేళ్ళ పాటు ఈ పని సాగింది. 1810 లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1811 నుండి 1813 వరకు జావా దీవిలో పనిచేశాడు. 1815 లో భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా నియమితుడై, 1817 లో కలకత్తా చేరాడు.

1790ల చివరలో మెకంజీ అమరావతి స్తూపాన్ని దర్శించాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణం కోసం ఆ దిబ్బ నుండి రాళ్ళు తీస్తున్నారు. 1816 లో మళ్ళీ వచ్చి, చిత్రకారులతో శిల్పాల చిత్రాలు, స్తూపం నక్షాలు గీయించాడు. తరువాతి కాలంలో పాడైపోయిన, కనబడకుండా పోయిన అనేక శిల్పాల రూపం ఈ చిత్రాల వల్లనే తెలుస్తున్నది.

కావలి సోదరులు

మెకంజీకి భారతీయ భాషలు రావు. అందుచేత ఈ సేకరణ యావత్తూ ఇతని సహాయకుల పరిశ్రమ మీదనే ఆధారపడింది. వారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి అనే సోదరులు. బొర్రయ్య పలు భాషలు నేర్చినవాడు, శాసనాలు చదవడంలో నేర్పరి. సమాచార సేకరణకు పద్ధతిని ఏర్పరచినవాడు ఇతడే. 1803 లో చిన్న వయసులోనే మరణించాడు. ఆ తరువాత లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. నారాయణరావు, ఆనందరావు మొదలైనవారు ఊరూరా తిరిగి సమాచారం సేకరించారు.

కైఫియత్తులు

గ్రామ కరణాల వద్ద కవిలెలు, దండకవిలెలు అనే పాత లెక్కల పుస్తకాలు ఉండేవి. సహాయకులు వీటికి నకళ్ళు తీశారు. వృద్ధులను అడిగి ఊరి పుట్టుక, దేవాలయాలు, చెరువులు, మాన్యాలు, స్థానిక ప్రభువుల వంశక్రమం రాసుకున్నారు. కరణాలు, పాలెగాళ్ళ వంశీయులు తమ వంశావళులను వెల్లడించడానికి కొన్నిచోట్ల సందేహించేవారు. హక్కులు, మాన్యాలు ఆ కాగితాల మీదే ఆధారపడి ఉండడం ఇందుకు కారణం. ఇదే కారణం చేత కొన్ని కైఫియత్తులలో వంశ ప్రతిష్ఠను పెంచే కథలు కూడా చేరాయి. కనుక చరిత్రకారులు వీటిని శాసనాలతో పోల్చి చూసిన తరువాతనే స్వీకరిస్తారు. అయినప్పటికీ అసలు కవిలెలలో అధికభాగం కాలగర్భంలో కలిసిపోయినందున ఈ నకళ్ళ విలువ చాలా గొప్పది.

మరణం, సేకరణ భవిష్యత్తు

మెకంజీ 1821 మే 8 న కలకత్తా సమీపంలో మరణించాడు. అక్కడి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది. తన సేకరణకు వివరణాత్మకమైన పట్టిక తయారు చేయాలన్న ఇతని కోరిక తీరలేదు. ఈస్టిండియా కంపెనీ ఈ సేకరణను ఇతని భార్య నుండి లక్ష రూపాయలకు కొనుగోలు చేసింది. 1828 లో హెచ్.హెచ్. విల్సన్ దీని పట్టికను ప్రచురించాడు. దాని ప్రకారం సేకరణలో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి.

మెకంజీ ప్రారంభించిన పనిని కొనసాగించడానికి లక్ష్మయ్య సిద్ధపడ్డాడు. కాని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ 1830లలో అతని అభ్యర్థనను అంగీకరించలేదు. పాతికేళ్ళకు పైగా ఆ సేకరణతో కలిసి పనిచేసిన వ్యక్తికి దానిపై అధికారం లేకుండా పోయింది. రామస్వామి దక్కను కవుల జీవితాలపై ఆంగ్లంలో రాసిన గ్రంథం 1829 లో వెలువడింది.

సేకరణలో కొంత భాగం లండనుకు, కొంత మద్రాసుకు చేరింది. లండనులో పడి ఉన్న కొన్ని వ్రాతప్రతులను మద్రాసుకు రప్పించడంలో సి.పి.బ్రౌన్ కృషి ఉంది. ప్రస్తుతం ఇవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నాయి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

1816 లో థామస్ హికీ చిత్రించిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో ఇతనితో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు. 2017 లో ఆ చిత్రాన్ని, సేకరణలోని మరికొన్ని వస్తువులను స్టోర్నోవేలోని మ్యూజియంలో ప్రదర్శించారు. తన దీవి పుస్తకాలలో పుట్టిన తేదీ అయినా మిగలని మెకంజీ వలన, నేడు ఆంధ్రదేశంలో ఎన్నో గ్రామాలవారు తమ ఊరి కైఫియత్తులో పూర్వీకుల పేర్లు చదువుకోగలుగుతున్నారు.