ఖానుకు మందు ఇవ్వని ముసలి సన్యాసి

వార్షిక సంచికకు ఎవరైనా ఒక గొప్పవాడి జీవితం రాసిమ్మని సంఘం వాళ్ళు అడిగారు. గాంధీగారి మీదా, వీరేశలింగంగారి మీదా రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నేను ఒక చీనా సన్యాసి గురించి రాస్తున్నాను. పేరు చియు చూజి. నోరు తిరగకపోతే కాస్త ఓపిక పట్టండి.

బీజింగ్ నగరంలో తెల్లమేఘాల ఆలయం అని ఒక తావో ఆలయం ఉంది. అందులో చాలామంది దేవుళ్ళున్నారు. ముందు మండపంలో కాపలా దేవుడు వాంగ్ లింగ్‌గ్వాన్, ఆ వెనక జేడ్ చక్రవర్తి, వెనకవైపు మేడమీద అందరికంటె పైవారైన ముగ్గురు నిర్మలమూర్తులు. ఇంకో మందిరంలో అరవై సంవత్సరాలకీ అరవైమంది దేవతలు. ఎవరు పుట్టిన ఏటి దేవతకు వాళ్ళు మొక్కుకుంటారు. ప్రభవ, విభవ అని లెక్కపెట్టే మనకి ఇది వింతగా తోచదు. కాకపోతే వాళ్ళ లెక్క పుట్టుక వేరు. ఇంతమంది దేవుళ్ళ నడుమ ఒక మనిషికి కూడా మందిరం ఉంది. ఆయన్ని అక్కడే పాతిపెట్టారు. ఆ మనిషే మన చియు చూజి.

ఆయన 1148లో షాన్‌డాంగ్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. పంతొమ్మిదో ఏట వాంగ్ చోంగ్‌యాంగ్ అనే గురువు దగ్గర చేరాడు. చ్వాన్‌జెన్ శాఖ మొదలుపెట్టింది ఆ గురువే. పెళ్ళి లేదు, మాంసం లేదు, మత్తు లేదు. గురువు 1170లో పోయాడు. తరవాత శిష్యుడు పదమూడేళ్ళు కొండల్లో తపస్సు చేశాడు. రోజుకి ఒక్క పూట అడుక్కున్న తిండి, ఒంటిమీద ఒక గడ్డి గొంగడి. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని గడ్డి గొంగడి అయ్యగారు అనేవారట.

పేరు బయటికి పొక్కాక రాజులు కబురు పెట్టసాగారు. 1219లో జిన్ రాజు పిలిచాడు, సుంగ్ రాజు పిలిచాడు, వెళ్ళలేదు. అదే ఏడు మూడో పిలుపు వచ్చింది, చెంగిజ్ ఖాన్ దగ్గరనుంచి. ఈ సన్యాసికి మూడొందల ఏళ్ళని, చావులేని మందు ఆయన దగ్గరుందని ఖాను చెవిన ఎవరో వేశారు. ఈ పిలుపు కాదంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? పద్దెనిమిదిమంది శిష్యులతో 1220లో బయల్దేరాడు. బీజింగ్ చేరాక, ముసలివాణ్ణి, ఇక్కడే కలుసుకుందామని విన్నవించుకున్నాడు. ఖాను వినలేదు. దూత ఖాను కోసం పోగుచేసిన ఆడపిల్లలతో కలిసి ప్రయాణం అన్నప్పుడు మాత్రం ససేమిరా అన్నాడు. ఆ మాట చెల్లింది.

మంగోలియా ఎడారి, అల్తాయ్ కొండలు, సమర్కందు దాటి, 1222 మే నెలలో హిందూకుష్ కొండల దగ్గర ఖాను గుడారం చేరుకున్నాడు. అంటే మన వాయవ్య సరిహద్దుకి ఎంతో దూరం కాదు. వయసు 74. దారిలో ఆయన చూసిన ఊళ్ళు చాలావరకు ఆ ఖాను సేనలు తొక్కినవే. కూర్చోగానే ఖాను అడిగింది మందు సంగతే. బతుకును కాపాడుకునే పద్ధతులున్నాయి గాని చావుకు మందు మాత్రం లేదని ఈయన చెప్పేశాడు. అంతే. ఏ పసరో ఒకటి నూరి ఇచ్చి బయటపడొచ్చు. ఆ పని చెయ్యలేదు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. మా తాతగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఒకాయన ఏడాదిపాటు లేహ్యం అమ్మాడు. దానికోసం పాడిగేదె పోయింది. తగ్గుతుందని చెప్పడానికి అందరూ వచ్చారు. తగ్గదని ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. లైబ్రరీలో ఆర్థర్ వేలీ 1931లో ఇంగ్లీషులో వేసిన ఆ ప్రయాణకథ చదువుతూ ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

ఖాను కోప్పడలేదు సరిగదా, ఆ నిజాయితీకి సంతోషించి గుడారం వేయించాడు. తిరుగుబాట్ల వల్ల ఆగిన ఉపదేశం ఆ శరత్కాలంలో సాగింది. కోరికలు తగ్గించుకో, ప్రాణాలు తియ్యకు అన్నదే దాని సారం. 1223లో ఖాను అడవిపంది వేటలో గుర్రం మీంచి పడ్డాడు. ఈ వయసులో వేట మానమని సన్యాసి చెప్పాడు. రెండు నెలలు మానాడు! యుద్ధాలు మాత్రం మానలేదు.

అన్నీ మంచే చెప్పడం న్యాయం కాదు. ఖాను ఈయన శిష్యులకు పన్నులు మాఫీ చేశాడు. ఆ అండతో వాళ్ళు బౌద్ధుల గుళ్ళు కూడా ఆక్రమించారని యెలూ చూసాయ్ అనే మంత్రి 1229లో ఘాటుగా రాశాడు. ఆ తగాదా పెరిగి పెరిగి 1281లో కుబ్లాయ్ ఖాన్ తావో గ్రంథాలు తగలబెట్టించేదాకా పోయింది.

ఆయన 1224లో బీజింగ్ తిరిగొచ్చి 1227లో కన్నుమూశాడు. ఆ ఏడే చెంగిజ్ ఖాన్ కూడా పోయాడు.

సాంస్కృతిక విప్లవంలో మూతపడ్డ ఆ ఆలయాన్ని 1984లో మళ్ళీ తెరిచారు. కొత్త సంవత్సరానికి వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గర రాతికోతిని తడిమి లోపలికి వెళతారు. చీనా పంచాంగం ప్రకారం మొదటి నెల పంతొమ్మిది ఆయన జన్మదినం. ముందురోజు రాత్రి ఆయన బిచ్చగాడుగానో, అధికారిగానో మారువేషంలో గుడికి వస్తాడనీ, కంటపడితే రోగాలు పోయి ఆయుష్షు పెరుగుతుందనీ నమ్మి పూర్వం జనం తెల్లవార్లూ కాచుకుని కూర్చునేవారట.