థామస్ యంగ్ – గట్టిదనానికి కొలత నిచ్చిన వైద్యుడు

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తీగకు బరువులు వేలాడదీసి, దాని సాగుదలను కొలిచి, యంగ్ గుణకాన్ని లెక్కకట్టిన వారము మనలో చాలామందిమి ఉన్నాము. ఆ గుణకానికి పేరైన థామస్ యంగ్ వృత్తిరీత్యా వైద్యుడన్న సంగతి మాత్రము మనకు అంతగా తెలియదు.

యంగ్ 1773 జూన్ 13న ఇంగ్లండులోని మిల్వర్టన్ గ్రామంలో ఒక క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. లండన్, ఎడింబరో నగరాలలో వైద్యం అభ్యసించి, 1796లో జర్మనీలోని గొట్టింగెన్‌లో పట్టం పుచ్చుకొన్నాడు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడైనాడు. కాని ఉపన్యాసాలు వైద్యవృత్తికి అడ్డు రాగలవని తలచి, 1803లో ఆ పదవిని వదులుకొన్నాడు. రోగులు తనను ఏకాగ్రత లేని వైద్యునిగా భావింతురేమోనన్న శంకతో ఇతర శాస్త్రాలపై వ్రాసిన వ్యాసాలు కొన్నింటిని పేరు లేకుండానే ప్రకటించాడు.

ఆ ఉపన్యాసాలు 1807లో గ్రంథరూపం దాల్చాయి. పదార్థాల స్థితిస్థాపకతను సంఖ్యలో చెప్పే గుణకం అందులోనే ఉన్నది. మరుసటి ఏడు, రక్తనాళపు గోడ స్థితిస్థాపకతకూ, అందులో సాగిపోయే నాడీతరంగపు వేగానికీ గల సంబంధాన్ని ఆయన గణించి చూపాడు.

1811 నుండి జీవితాంతం ఆయన సెయింట్ జార్జెస్ ఆసుపత్రిలో వైద్యుడు. దేహంలోని గడ్డ ఎంత గట్టిదో ఆనాటి వైద్యునికి చెప్పగలిగినవి చేతివ్రేళ్లు మాత్రమే. ఇనుముకూ కలపకూ దొరికిన సంఖ్య రోగి దేహానికి ఇంకా దొరకలేదు. 1829 మే 10న యంగ్ కన్నుమూశాడు.

నేడు కణజాలం గుండా సన్నని అలలను పంపి, వాటి వేగాన్ని కొలుస్తున్నారు. గట్టి కణజాలంలో అల వేగంగా పోతుంది. ఆ వేగం నుండి యంగ్ గుణకాన్ని కిలోపాస్కల్‌లలో లెక్కిస్తారు. రొమ్ములోని గడ్డలను పరీక్షించుటకు ఈ పద్ధతి తోడ్పడుతున్నది. పరిశోధకులు సన్నని సూదిని గుచ్చి గడ్డలోపలి ద్రవపీడనాన్ని సైతం కొలిచారు. కాన్సర్ గడ్డలోని రక్తనాళాలు ద్రవాన్ని కార్చుతుంటాయి; ఆ ద్రవం బయటికి పోయే దారులు సరిగా పనిచేయవు. అందువలన లోపల పీడనం పెరిగి, రక్తంలోని మందు గడ్డలోనికి చొరలేకపోతుంది. కనుక ఈ కొలతలు ప్రాణంతో ముడిపడినవి.

యంగ్ వైద్యునిగా గొప్ప పేరు గడించలేదు. లోకానికి భయపడి ఆయన వేరువేరుగా ఉంచజూచిన రెండు విద్యలు, ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు, రోగి మంచం ప్రక్కన ఒకటైనాయి. భౌతికశాస్త్రం వేరు, వైద్యం వేరు అని గోడలు కట్టుకొని చదివే మనము ఆయన జీవితాన్ని ఒకమారు తలచుకొనుట మేలు.