డ్రెడ్‌నాట్ పితామహుడు అడ్మిరల్ ఫిషర్

సైన్యంలో పని చేసినవాళ్ళకి బరువు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. దూరం పెట్రోలింగ్‌కి వెళ్ళే జవాను పిఠ్ఠూలో ఎంత పడుతుందో అంతే పడుతుంది. తూటాలు ఎక్కువ పెడితే నీళ్ళు తగ్గించుకోవాలి. నీళ్ళు, రేషను ఎక్కువ పెడితే తూటాలు తగ్గుతాయి. రెండూ నింపేస్తే మనిషి కొండెక్కలేడు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు. ఏది పెట్టాలి, ఏది తీసెయ్యాలి అని తేల్చడమే కమాండరు పని.

సముద్రం మీద పద్దెనిమిది వేల టన్నుల యుద్ధనౌక కట్టేవాళ్ళకి కూడా ఇదే చిక్కు. గన్నులు, కవచం, వేగం ఈ మూడూ ఒకే బరువులోంచి పంచుకోవాలి. ఒకదానికి ఎక్కువ ఇస్తే ఇంకోదానికి కోత పడుతుంది. ఈ పంపకాన్ని కొత్తగా చేసి, ప్రపంచంలో ఉన్న పెద్ద యుద్ధనౌకలన్నిటినీ ఒక్క దెబ్బతో పాతసామాను చేసేసిన మనిషి బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఆర్బత్‌నాట్ ఫిషర్. మన సంఘంలోని నేవీ మిత్రులకు ఆయన పేరు తెలిసే ఉంటుంది. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ సోదరులకు కూడా ఆయన జీవితంలో తెలుసుకోవలసింది చాలా ఉంది కనుక ఈ సంచికకు ఆయన గురించి రాస్తున్నాను.

బాల్యం, ఉద్యోగం

ఫిషర్ 1841 జనవరి 25న సింహళంలోని రంబొడ అనే ఊళ్ళో జన్మించారు. తండ్రి మొదట సైన్యంలో కెప్టెన్. ఆ తర్వాత అక్కడే కాఫీ తోట పెట్టుకుని నష్టపోయారు. ఆరేళ్ళ పిల్లవాడిని ఇంగ్లండులో ఉన్న తాతగారింటికి ఓడెక్కించి పంపేశారు. తండ్రిని ఫిషర్ మళ్ళీ చూడలేదు. ఆస్తీ లేదు, పెద్దింటి అండా లేదు. పదమూడేళ్ళ వయసులో 1854లో నౌకాదళంలో చేరారు. చేరింది పోర్ట్స్‌మత్ రేవులో లంగరు వేసి ఉన్న విక్టరీ అనే ఓడ మీద. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఉన్న ఓడ అదే. అంటే తెరచాపల, కొయ్య ఓడల కాలంలో కుర్రవాడిగా చేరిన మనిషి, టర్బైన్ల కాలానికి నౌకాదళాన్ని నడిపించారన్నమాట.

క్రిమియా యుద్ధ కాలంలో బాల్టిక్ సముద్రంలో పని చేశారు. 1859లో చైనాలో టాకూ కోటల మీద జరిగి విఫలమైన దాడిలో పాల్గొన్నారు. 1863లో వారియర్ అనే ఓడకి గన్నరీ లెఫ్టినెంటుగా వెళ్ళారు. ఇనుముతో కట్టి కవచం తొడిగిన మొదటి బ్రిటిష్ యుద్ధనౌక అది. అక్కడినుంచి గన్నులు, టార్పెడోలు ఆయన చదువైపోయాయి.

ఇన్‌ఫ్లెక్సిబుల్ నేర్పిన పాఠం

1881లో ఆయనకి ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే ఓడ కమాండ్ దొరికింది. ఆ రోజుల్లో అదొక వింత. ఒక్కొక్కటి 80 టన్నుల బరువున్న 16 అంగుళాల గన్నులు నాలుగు. కవచం మందం కొన్నిచోట్ల 24 అంగుళాలు. ఏ యుద్ధనౌకకీ అంతకంటే మందమైన కవచం పెట్టలేదు. మరి ఆ బరువు ఎలా మోసింది? ఓడంతా కవచం లేదు. నడుము భాగంలో కోటలాగా కట్టి, అందులో ఇంజన్లు, గన్నులు, మందుగుండు పెట్టారు. ముందు భాగం, వెనక భాగం దాదాపు ఖాళీగా వదిలేశారు. ఆ రెండు కొసలూ చిల్లులు పడినా ఓడ తేలుతుందా లేదా అని ఇంగ్లండులో పెద్ద వాదనే జరిగింది.

1882 జూలైలో ఈ ఓడతోనే ఫిషర్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా కోటల మీద గుళ్ళు కురిపించారు. తర్వాత ఒడ్డుకు దిగి, రైలు పెట్టెలకి ఇనపరేకులు కట్టి, గన్నులెక్కించి సాయుధ రైలు నడిపించారు. ఆ డ్యూటీలో విరేచనాలు, మలేరియా పట్టుకుని ఇంటికి చేరారు. కానీ బరువు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదిలెయ్యాలి అనే లెక్కని సొంత ఓడ మీద చూశారు.

1892 నుంచి 1897 వరకు ఓడల నిర్మాణం చూసే కంట్రోలర్‌గా పని చేశారు. టార్పెడో పడవల్ని వేటాడే చిన్న వేగమైన ఓడలు, అంటే మనం ఇవాళ డిస్ట్రాయర్ అంటున్న రకం, ఆయన హయాంలోనే వచ్చింది. 1899 నుంచి 1902 వరకు మధ్యధరా నౌకాదళానికి కమాండర్ ఇన్ చీఫ్‌గా ఉండి, దూరం నుంచి ఫైరింగ్, ఎక్కువ వేగంతో నడక ప్రాక్టీసు చేయించారు. కింది ర్యాంకుల తిండి గురించి కూడా పట్టించుకున్నారు. పురుగులు పట్టిన బిస్కెట్ల బదులు ఓడ మీదే కాల్చిన తాజా రొట్టె ఇప్పించడం ఆయన చేసిన మంచిపనుల్లో ఒకటి. లంగరులో తిన్న మనకి దాని విలువ తెలుసు.

డ్రెడ్‌నాట్ కథ

1904 అక్టోబరులో ఫిషర్ ఫస్ట్ సీ లార్డ్, అంటే నౌకాదళాధిపతి అయ్యారు. రాగానే 90 పాత ఓడల్ని వదిలించుకుని, ఇంకో 64 ఓడల్ని రిజర్వులో పెట్టేశారు. పోరాడనూ లేవు, పారిపోనూ లేవు, మనుషుల్ని మాత్రం తింటున్నాయి అనేది ఆయన వాదన. ఆ తర్వాత కొత్త ఓడల నమూనా కోసం ఒక కమిటీ వేశారు. అది 1905 జనవరిలో కూర్చుంది. లెక్కలు, నక్షాలు ప్రధాన నౌకా నిర్మాత ఫిలిప్ వాట్స్, ఆయన సిబ్బందివి. ఫిషర్ ఇంజనీరు కాదు. కానీ ఏం కావాలో గట్టిగా చెప్పింది ఆయనే.

అప్పటివరకు యుద్ధనౌక అంటే 12 అంగుళాల పెద్ద గన్నులు నాలుగు, వాటితోపాటు రకరకాల మధ్య సైజు గన్నులు. టార్పెడోల భయంతో యుద్ధం దూరం పెరిగేసరికి, నీళ్ళలో పడిన గుండు లేపే నీటిస్తంభం చూసి గురి సరిదిద్దుకోవలసి వచ్చింది. అన్ని సైజుల గుళ్ళూ ఒకేసారి పడుతుంటే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? కాబట్టి మధ్య సైజువి తీసేసి, పది గన్నులూ 12 అంగుళాలవే పెట్టారు. ఇటలీ ఇంజనీరు కునిబెర్టి 1903లోనే ఈ ఆలోచన రాశారు. అమెరికా, జపాన్ కూడా అదే దారిలో ఉన్నాయి.

రెండోది వేగం. పాత ఇంజన్లు పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే రకం. గంటల తరబడి పూర్తి వేగంతో నడిపితే బేరింగులు పాడయ్యేవి. ఇంత పెద్ద యుద్ధనౌకకి అంతకుముందు ఎవరూ పెట్టని పార్సన్స్ ఆవిరి టర్బైన్లు పెట్టారు. బరువు కూడా కలిసొచ్చింది. వేగం 18 నాట్ల నుంచి 21 నాట్లకి పెరిగింది.

మరి ఏం వదులుకున్నారు? పది గన్నుల్లో ఒక పక్కకి పేలేవి ఎనిమిదే. అయిదు టర్రెట్లలో రెండు అటూ ఇటూ పక్కలకి ఉండడమే కారణం. ఒకదాని వెనక ఒకటి ఎత్తుగా పెడితే ఈ బాధ ఉండదు. కానీ పై గన్ను పేలితే ఆ దెబ్బ కింది టర్రెట్టు మీద గురి చూసేవాళ్ళకి తగులుతుందని మానేశారు. అమెరికావాళ్ళు తమ సౌత్ కరోలినాలో ఆ పద్ధతే పెట్టి, ఎనిమిది గన్నులతోనే ఎనిమిదీ ఒక పక్కకి పేల్చగలిగారు. వాళ్ళు వదులుకున్నది వేగం, అది 18న్నర నాట్లే. డ్రెడ్‌నాట్ నడుము కవచం 11 అంగుళాలు. కానీ బొగ్గు, సామాను పూర్తిగా ఎక్కిస్తే దాని పై అంచు నీళ్ళ కిందికి పోయేది. పైన మిగిలేది 8 అంగుళాలదే. గురి చూసే స్తంభాన్ని పొగగొట్టం వెనక పెట్టారు. పొగ, వేడి పైన కూర్చున్నవాడి మొహాన కొట్టేవి. ఎంత గొప్ప నమూనాకైనా ఇలాంటి లోట్లు ఉంటాయి.

1905 అక్టోబరు 2న పోర్ట్స్‌మత్‌లో పని మొదలుపెట్టి, 1906 ఫిబ్రవరి 10న రాజు ఏడవ ఎడ్వర్డ్ చేతులమీదుగా నీళ్ళలోకి దింపారు. 1906 అక్టోబరు 3న సముద్ర పరీక్షలకి బయలుదేరింది. ఏడాదీ ఒక రోజూ! వేరే ఓడలకోసం తయారవుతున్న గన్ మౌంటింగులు తెచ్చి దీనికి బిగించారు కాబట్టే అంత త్వరగా అయ్యింది. ఆ రోజు నుంచి యుద్ధనౌకలు రెండే రకాలు. డ్రెడ్‌నాట్లు, డ్రెడ్‌నాట్ ముందువి. బ్రిటన్ సొంత పాత ఓడలు కూడా ఆ రెండో లెక్కలోకి పోయాయి. జర్మనీ మళ్ళీ మొదటినుంచి పోటీ మొదలుపెట్టింది.

వేగానికి పెద్దపీట

ఫిషర్‌కి మనసులో నచ్చింది డ్రెడ్‌నాట్ కాదు, దాని తమ్ముడు. దాన్నే తర్వాత బ్యాటిల్ క్రూయిజర్ అన్నారు. మొదటిది ఇన్విన్సిబుల్, 1908లో వచ్చింది. బరువు దాదాపు డ్రెడ్‌నాట్ అంతే. ఎనిమిది 12 అంగుళాల గన్నులు, 25 నాట్ల వేగం. నాలుగు నాట్లు పెంచడానికి ఇంజన్ బలం 23,000 హార్స్‌పవర్ నుంచి 41,000కి పెంచాల్సి వచ్చింది. బాయిలర్లు 18 నుంచి 31 అయ్యాయి. ఆ బరువంతా ఎక్కడినుంచి తెచ్చారు? కవచంలోంచి. 11 అంగుళాలది 6 అంగుళాలైంది. వేగమే రక్షణ అని ఆయన గట్టి నమ్మకం. చిన్న క్రూయిజర్లని వెంటాడి దూరం నుంచి కొట్టాలి, తనకంటే బలమైనది ఎదురైతే తప్పుకోవాలి. అదీ లెక్క.

ఆ లెక్క ఒకసారి నిజమైంది. అందులో మన తెలుగువాళ్ళకి కూడా సంబంధం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ క్రూయిజర్ మద్రాసు మీద గుళ్ళు కురిపించి, రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబెట్టింది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఊళ్ళు వదిలి జనం పరుగులు పెట్టారు. ఆ ఎమ్డెన్ అడ్మిరల్ ష్పే దళం నుంచి విడిపోయి వచ్చిన ఓడ. 1910లో రిటైరైన ఫిషర్‌ని యుద్ధం రాగానే 73 ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచారు. ష్పే దళం నవంబరు 1న చిలీ తీరంలో రెండు బ్రిటిష్ క్రూయిజర్లని ముంచేసింది. ఫిషర్ వెంటనే ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే రెండు బ్యాటిల్ క్రూయిజర్లని దక్షిణానికి పంపారు. ఈ ఇన్‌ఫ్లెక్సిబుల్ కొత్తది, పేరే పాతది. 1914 డిసెంబరు 8న ఫాక్లండ్ దీవుల దగ్గర అవి ష్పే పెద్ద ఓడలు రెండింటినీ ముంచేశాయి. ఈ ఓడల్ని కట్టింది సరిగ్గా ఇలాంటి పనికే.

జట్లాండ్

తర్వాత జరిగింది చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. పెద్ద గన్నులున్నాయి కదా అని ఈ ఓడల్ని పెద్ద గన్నులున్న శత్రు ఓడలకే ఎదురు నిలబెట్టారు. 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో ఇండిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ మూడూ పేలిపోయాయి. ఇన్విన్సిబుల్ నడుములో రెండు ముక్కలైంది. 1,026 మంది పోయారు, ఆరుగురు మిగిలారు. మూడు ఓడల్లో కలిపి సుమారు 3,300 మంది.

తప్పంతా పలచటి కవచానిదేనా? కాదు. త్వరగా ఫైర్ చెయ్యాలని మందు సంచులు బయట పేర్చుకున్నారు, మ్యాగజైన్ తలుపులు తెరిచి ఉంచారు. టర్రెట్లో లేచిన మంట కిందిదాకా పోయింది. జర్మన్లకి 1915 జనవరిలోనే డాగర్ బ్యాంక్ దగ్గర అలాంటి దెబ్బ తగిలి, రెండు టర్రెట్లు కాలిపోయాక జాగ్రత్త పడ్డారు. కవచం ఎక్కడ తగ్గించామో అక్కడ డ్రిల్ ఇంకా గట్టిగా ఉండాలి. బ్రిటిష్ ఓడల్లో అదే లోపించింది.

ట్యాంకు రెజిమెంట్లలో పని చేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టి-72 ట్యాంకు బరువు 41 టన్నుల పైచిలుకు. ఎత్తు తక్కువ, మనుషులు ముగ్గురే, గన్ను మాత్రం 125 మిల్లీమీటర్లది. లోడర్ బదులు ఆటోలోడర్. దానికోసం గుళ్ళు, మందు టర్రెట్టు కింద చక్రంలా పేర్చి ఉంటాయి. 1991లో గల్ఫ్ యుద్ధంలో దెబ్బ తిన్న ఇరాకీ ట్యాంకుల టర్రెట్లు ఎగిరి పడింది అందుకే. మన అర్జున్ రక్షణ ఎక్కువ, నలుగురు మనుషులు, బరువు 58 టన్నులు దాటింది. దానితో వంతెనలు, రైలు వ్యాగన్ల ప్రశ్న వచ్చింది. ఏ ట్యాంకూ ఊరికే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేన్ని వదులుకుని దేన్ని తీసుకున్నారో తెలిసి నడిపే సిబ్బందికే అది మంచిది. నేను ఎన్‌సీఓగా ఉన్నప్పుడు కుర్రాళ్ళకి గన్ను గొప్పతనం ఒకసారి చెబితే, గుళ్ళు ఎక్కడున్నాయో పదిసార్లు చెప్పేవాణ్ణి.

చివరి రోజులు

గల్లిపోలీ దండయాత్ర విషయంలో చర్చిల్‌తో పడక 1915 మేలో ఫిషర్ రాజీనామా చేశారు. ఆయనలో లోపాలు లేకపోలేదు. తనవాళ్ళు, పైవాళ్ళు అని ఆఫీసర్లని విడదీశారు. అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్‌తో ఆయన తగాదా నౌకాదళాన్నే రెండు ముక్కలు చేసింది. వేగమే రక్షణ అని అంత గట్టిగా చెప్పిన మనిషి, ఆ ఓడలు ఏ పనికి పనికిరావో కూడా అంతే గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ జలాంతర్గాముల బలాన్ని ముందే గుర్తించినవాళ్ళలో ఆయన ఒకరు. బొగ్గు బదులు చమురు వాడాలని పట్టుబట్టి, 1912లో దానిపై వేసిన రాయల్ కమిషన్‌కి అధ్యక్షత వహించారు. 1920 జూలై 10న తన 79వ ఏట కన్నుమూశారు.

విచిత్రం ఏమిటంటే, డ్రెడ్‌నాట్ జట్లాండ్‌లో లేదు. అప్పుడు రిఫిట్‌లో ఉంది. అది ముంచిన ఒకే ఒక్క శత్రు నౌక యు-29 అనే జలాంతర్గామి. 1915 మార్చి 18న గన్నులతో కాదు, ముక్కుతో గుద్ది ముంచింది. 1921లో ఆ ఓడని తుక్కు కింద అమ్మేశారు.

ఓడైనా, ట్యాంకైనా, విమానమైనా నక్షా గీసే బల్ల దగ్గర ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఆ వదులుకున్నది కాగితం మీద ఒక అంకె. యుద్ధంలో దాని ధర కట్టేది లోపల కూర్చున్న జవాను, సెయిలర్, ఎయిర్‌మన్. అందుకే ఇచ్చేవాడు వదులుకున్నదేదో దాచకుండా చెప్పాలి, తీసుకునేవాడు అది అడిగి తెలుసుకోవాలి. ఇవాళ యూనిట్లలో కొత్త ఆయుధాలు అందుకుంటున్న మన తెలుగు కుర్రాళ్ళకి ఫిషర్ జీవితం నుంచి నేను చెప్పదలచుకున్నది ఇదే.

జై హింద్.