కోడి రామమూర్తిగారు – నా బి.పి.

కల్లూరు బడిలో మేము చదువుకునే రోజుల్లో దండీలు తీయించేటప్పుడు మా డ్రిల్లు మాస్టారు కోడి రామమూర్తి నాయుడుగారి పేరు చెప్పని రోజు లేదు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నవాడు, ఒంటికి గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగించి తెంచినవాడు, చెరో చేతికీ ఒక కారు కట్టించుకుని కదలకుండా ఆపినవాడు. కలియుగ భీముడంటే మాకు నిజంగా భీముడే.

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో 1880లలో పుట్టిన ఈయన విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. చదువుకంటే కుస్తీ మీదే మక్కువ. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఆ తరువాతే సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఇంత బలశాలి శాకాహారి అంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు!

చిన్నప్పుడు నేను పట్టించుకోనిది ఒకటుంది. ఏనుగు దాకా రావడానికి ముందు ఆయనకు ఏళ్ల తరబడి సాధన ఉంది, నేర్పిన గురువులున్నారు. నేనేమో ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని, రిటైరయిన మూడో వారం తెల్లవారుజామున డాబా మీద ఊపిరి బిగబట్టి దండీలు మొదలుపెట్టాను. పన్నెండో దండీకి కళ్లు బైర్లు కమ్మాయి. మా ఆవిడ కేకలు విని పక్కింటివారు పరుగెత్తుకొచ్చారు.

ఖమ్మంలో డాక్టరుగారు చూస్తే బి.పి. 180/110. అప్పటిదాకా నాకు బి.పి. ఉందనే తెలియదు. బరువు మీద ఊపిరి బిగిస్తే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుందని, ఉన్న బి.పి.కి అది తోడయిందని వివరించారు. ఇ.సి.జి. తీశారు, షుగరు చూశారు. చెప్పులు విప్పించి పాదాలు కూడా చూశారు. షుగరున్నవారికి పాదంలో స్పర్శ తగ్గితే, నడకలో చెప్పు కరిచి పుండైనా తెలియదట.

పాదాల మాట రాగానే రామమూర్తిగారి చివరి రోజులు గుర్తొచ్చాయి. కాలికి పుండు లేచి, ముదిరి, ఆ కాలే తీసేయవలసి వచ్చింది. 1942 జనవరిలో కన్నుమూశారు. ఏనుగును మోసిన ఒంటిలోనూ జబ్బు తన పని తాను చేసుకుపోయింది. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది.

రెండు నెలలు మందు వాడి, బి.పి. దిగాక, మళ్లీ చూపించుకుంటే నడకకు ఒప్పుకున్నారు. మొదట పావుగంట, మాట్లాడగలిగినంత వేగం. ఛాతీ పట్టేసినా, ఆయాసం ఎక్కువైనా వెంటనే ఆగి ఆస్పత్రికి రమ్మన్నారు. ఇప్పుడు సత్తుపల్లి రోడ్డు వెంట రోజూ అరగంట నడుస్తున్నాను. దండీలకు మాత్రం ఇంకా అనుమతి రాలేదు.