దేవాలయాన్ని కొలిచిన మాస్టారు: యోహాన్ యాకోబ్ బామర్

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివే మన పిల్లలను అడిగి చూడండి, ‘బామర్ శ్రేణి’ అనే మాట వారికి తెలిసే ఉంటుంది. లైమన్, బామర్, పాశ్చన్ అంటూ వరుసగా వల్లె వేస్తారు. పరీక్ష అయిపోయాక ఆ పేరు మాత్రం గుర్తుంటుంది, మనిషి ఎవరో తెలియదు. ఆ మనిషి పేరుమోసిన ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త కాదు. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన ఒక మాస్టారు. పవిత్ర గ్రంథాన్ని శ్రద్ధగా చదివిన క్రైస్తవుడు.

యోహాన్ యాకోబ్ బామర్ 1825 మే 1న స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి దగ్గరగా ఉన్న లౌసెన్ అనే ఊరిలో జన్మించారు. ఆయన కుటుంబం ప్రొటెస్టెంటు సంఘానికి చెందినది. కార్ల్స్‌రూహె, బెర్లిన్ నగరాలలో గణితం అభ్యసించి, 1849లో బాసెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. ఆ పట్టా చేతబట్టుకొని పెద్ద పదవులు వెదుక్కోలేదు. బాసెల్‌లోనే ఉండిపోయి, 1859 నుండి తుదివరకు అక్కడి బాలికల పాఠశాలలో బోధించారు. కొంతకాలం విశ్వవిద్యాలయంలో కూడా పాఠాలు చెప్పారు. 1868లో, 43 ఏళ్ళ వయసులో వివాహం చేసుకున్నారు. ఆ దంపతులకు ఆరుగురు సంతానం.

ఆయన మనసును ఆకట్టుకున్న గ్రంథం యెహెజ్కేలు ప్రవచనం. దాని చివరి అధ్యాయాలు మనలో చాలామంది త్వరత్వరగా పేజీలు తిప్పేసే భాగాలు. దేవదూత వంటి ఒక పురుషుడు కొలకర్ర పట్టుకొని దేవాలయపు ద్వారాలను, గోడలను, ఆవరణలను ఒక్కొక్కటిగా కొలుస్తూ పోతాడు, ప్రవక్త చూస్తూ ఉంటాడు. ఇన్ని మూరలు పొడవు, ఇన్ని మూరలు వెడల్పు. మనకు విసుగు పుట్టించే ఆ అంకెలు బామర్‌కు ఆనందం కలిగించాయి. ఆ కొలతల వెనుక ఒక క్రమం ఉందని తలచి, 1858లో ఆ దేవాలయాన్ని గురించి ఒక గ్రంథమే వెలువరించారు.

ఇక హైడ్రోజన్ సంగతి. సృష్టిలో అన్నిటికంటే తేలికైన పరమాణువు అది. ఒక ప్రోటాన్, దానికి తోడుగా ఒక ఎలక్ట్రాన్, అంతే. సూర్యునిలో అధికభాగం అదే. మన జ్ఞానస్నాన జలంలో ప్రతి అణువులోనూ రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి. ఈ వాయువును గాజు గొట్టంలో నింపి విద్యుత్తు పంపితే వెలుగుతుంది. ఆ వెలుగును పట్టకం గుండా పంపితే, ఇంద్రధనుస్సులా రంగులన్నీ కలిసిపోయి రావు. ఎరుపు, నీలి ఆకుపచ్చ, నీలం, ఊదా అని నాలుగు సన్నని గీతలు విడివిడిగా కనిపిస్తాయి.

నక్షత్రాలలో కూడా ఇవే గీతలు. 1860 తరువాతి సంవత్సరాలలో యేసు సభ గురువైన ఫాదర్ ఆంజెలో సెక్కి రోమ్ నగరంలో పునీత ఇగ్నేషియస్ దేవాలయంపై ఉన్న వేధశాల నుండి నాలుగు వేలకు పైగా నక్షత్రాల కాంతిని పరిశీలించి, వాటిని తరగతులుగా విభజించారు. తెల్లని నక్షత్రాలలో హైడ్రోజన్ గీతలు ప్రస్ఫుటంగా కనిపించాయి.

గీతల స్థానాలను స్వీడన్ దేశస్థుడు ఆంగ్‌స్ట్రామ్ ఎంతో కచ్చితంగా కొలిచారు. సెంటీమీటరును కోటి భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఆ లెక్కన ఆ గీతల తరంగ పొడవులు సుమారు 656, 486, 434, 410 నానోమీటర్లు. ఈ అంకెలకు పరస్పర సంబంధం ఏమిటి? సంగీత స్వరాల లెక్కలతో పోల్చి చూసినవారున్నారు. పూర్తిగా కుదరలేదు.

బాసెల్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడైన హాగెన్‌బాఖ్ ప్రోత్సాహంతో బామర్ ఈ చిక్కుముడిని చేపట్టారు. ఆయన వద్ద పరికరాలు లేవు. కాగితం, కలం, ఓర్పు ఉన్నాయి. నాలుగు అంకెలకూ ఆధారమైన ఒక మూలసంఖ్య కోసం వెదికి 364.56 అని కనుగొన్నారు. దానిని 9/5తో హెచ్చిస్తే మొదటి గీత, 4/3తో రెండవది, 25/21తో మూడవది, 9/8తో నాలుగవది వచ్చాయి. ఈ భిన్నాలలో వరుస కనిపించదు. అయితే 4/3ను 16/12గా, 9/8ను 36/32గా వ్రాసి చూడండి. పైన 9, 16, 25, 36, అంటే 3, 4, 5, 6ల వర్గాలు. క్రింద ఉన్నవి అవే సంఖ్యలలో నుండి 4 తీసివేసినవి! చిందరవందరగా కనిపించినది చక్కని వరుసగా నిలబడింది.

అదే సూత్రం ప్రకారం అయిదవ గీత 397 నానోమీటర్ల దగ్గర ఉండాలి. ఆ గీతను అప్పటికే చూచి ఉన్నారని బామర్‌కు తెలియదు. హాగెన్‌బాఖ్ చెప్పగా తెలిసింది. తెల్లని నక్షత్రాల కాంతిలో హగ్గిన్స్, వోగెల్ అనే శాస్త్రజ్ఞులు గమనించిన మరికొన్ని గీతలు కూడా సూత్రానికి దగ్గరగానే వచ్చాయి. 1885లో సూత్రం అచ్చయ్యేనాటికి మాస్టారికి 60 ఏళ్ళు. మన దగ్గర ఆ వయసుకు చాలామంది ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉంటారు.

అయితే ఆ వరుస ఎందుకు వచ్చింది? ఆ 4 ఎక్కడిది? బామర్‌కు తెలియదు. తెలియకుండానే 1898 మార్చి 12న ప్రభువునందు నిద్రించారు.

జవాబు 1913లో వచ్చింది. చెప్పినది డెన్మార్కు దేశపు యువకుడు నీల్స్ బోర్. బామర్ సూత్రం అచ్చయిన 1885లోనే ఆయన పుట్టారు! ఎలక్ట్రాన్ ఎక్కడ పడితే అక్కడ ఉండదు, మెట్లమీద మాత్రమే నిలుస్తుంది అన్నారు బోర్. మూడు, నాలుగు, అయిదు, ఆరు మెట్ల నుండి రెండవ మెట్టుకు దిగినప్పుడు ఆ నాలుగు గీతలు పుడతాయి. రెండవ మెట్టు కాబట్టి రెండు రెళ్ళు నాలుగు.

ఆ మెట్లు మాత్రం ఎందుకు? 1926లో పౌలీ ఒక మార్గంలోనూ, బామర్ స్వదేశంలోని జూరిక్ నగరంలో పనిచేస్తున్న ష్రోడింగర్ మరో మార్గంలోనూ క్వాంటం యాంత్రికశాస్త్రంతో దీనిని సాధించారు. ష్రోడింగర్ సమీకరణంలో ఎలక్ట్రాన్ తరంగంలా ప్రవర్తిస్తుంది. రెండు కొసలూ బిగించిన వీణ తీగ ఒకటి, రెండు, మూడు భాగాలుగా కంపించగలదు గాని, ఒకటిన్నరగా కంపించలేదు. ఇంచుమించు అలాగే పరమాణువులో మెట్లు వాటంతట అవే ఏర్పడతాయి. కొత్త సిద్ధాంతం సరైనదా కాదా అని పరీక్షించడానికి వారి ముందున్న గీటురాయి మన మాస్టారి సూత్రమే.

ప్రియ పాఠకులారా, ఈ సూత్రం దేవుడు ఉన్నాడనడానికి రుజువు అని మేము చెప్పడం లేదు. విశ్వాసం లెక్కలమీద ఆధారపడదు. కాని దేవుడు సమస్తాన్నీ కొలత, సంఖ్య, తూకాలతో క్రమపరిచాడని సొలోమోను జ్ఞానగ్రంథం మనకు నేర్పుతుంది. సైన్సు చదివితే పిల్లలు గుడికి దూరమవుతారని భయపడే తల్లిదండ్రులు, ఒకే మనిషి దేవాలయపు కొలతలనూ, కాంతి కొలతలనూ ఒకే ఓర్పుతో చదివాడని గుర్తుంచుకోవాలి.

మన పల్లెలలో జీవితమంతా పిల్లలకు అక్షరాలు, జపాలు నేర్పి, తాము సాధించినదేమిటని వృద్ధాప్యంలో నిట్టూర్చే ఉపదేశులు, ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. బామర్ విత్తినది 28 ఏళ్ళ తరువాత పంటకు వచ్చింది. అప్పటికి ఆయన సమాధి చేయబడి పదిహేనేళ్ళు. నేడు చంద్రునిపై ఒక బిలం ఆయన పేరుతో ఉంది. ఈ ఆదివారం దివ్యబలి పూజ ముగిశాక, మీకు లెక్కలు నేర్పిన మాస్టారు ఇంకా మీ ఊరిలోనే ఉంటే, ఒకసారి వెళ్ళి పలకరించి రండి.