ఆలిస్ బాల్: మందు ఆమెది, పేరు ఆయనది

కుష్ఠు వ్యాధి చరిత్ర చెప్పేవాళ్లు మొలకాయ్ దీవిలో సేవ చేసిన ఫాదర్ డేమియన్‌ను తప్పక తలుస్తారు. అదే హవాయిలో ఆ రోగులకు పనికొచ్చే ఇంజెక్షన్ తయారుచేసిన నల్లజాతి యువతి ఆలిస్ ఆగస్టా బాల్‌ను తలిచేవాళ్లు తక్కువ. కష్టం ఒకరిది, పేరు మరొకరిది కావడం మనకు కొత్త కాదు. అందుకే ఆమె గురించి ఇక్కడ రాస్తున్నాం.

1892 జూలై 24న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టింది. తాత జేమ్స్ ప్రెస్లీ బాల్ పేరున్న ఫొటోగ్రాఫర్. ఆ రోజుల్లో ఫొటో అంటే సగం రసాయనాల పనే. ఆలిస్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫార్మసీ, ఫార్మస్యూటికల్ కెమిస్ట్రీ చదివింది. 1915లో హవాయి కాలేజీలో మాస్టర్స్ పూర్తిచేసింది. అక్కడ ఆ డిగ్రీ అందుకున్న తొలి మహిళ, తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. తర్వాత అక్కడే పాఠాలు చెప్పింది.

అప్పట్లో హవాయిలో కుష్ఠు అంటే నిర్బంధమే. 1866 నుంచి రోగులను మొలకాయ్‌కి తరలించేవారు. అక్కడి కలావుపాపాకు మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. అలా వెళ్లినవాళ్లలో అత్యధికులు హవాయి మూలవాసులు. తల్లుల నుంచి బిడ్డలను వేరుచేసేవారు. మనుషుల్ని ఊరవతల పెట్టడం అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మందంటూ ఉన్నది చాల్‌మూగ్రా గింజల నూనె. మన దేశంలో, చైనాలో వందల ఏళ్లుగా వాడుతున్నదే. తాగితే వాంతులు. సూదితో ఎక్కిస్తే చిక్కదనం వల్ల ఒంట్లో ఇంకక చర్మం కింద గడ్డలు కట్టేది. కలిహి ఆసుపత్రి డాక్టర్ హ్యారీ హోల్‌మాన్ ఈ సమస్యను ఆలిస్ ముందు పెట్టాడు. ఒకపక్క పాఠాలు చెబుతూనే, నూనెలోని కొవ్వు ఆమ్లాలను ఆమె ఇథైల్ ఎస్టర్లుగా మార్చింది. శరీరం పీల్చుకోగల ఇంజెక్షన్ తయారైంది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు.

ఫలితాలు ప్రచురించకముందే, 1916 డిసెంబర్ 31న చనిపోయింది. క్లాసులో క్లోరిన్ వాయువు పీల్చడమే కారణమని స్థానిక పత్రిక రాసింది. మరణ ధ్రువపత్రంలో మాత్రం క్షయ అని ఉంది.

కాలేజీ అధ్యక్షుడు ఆర్థర్ డీన్ ఆ పనిని కొనసాగించి, ఆమె ఊసెత్తకుండా ప్రచురించుకున్నాడు. మందు పెద్ద ఎత్తున తయారైంది. కలిహి నుంచి డజన్ల కొద్దీ రోగులు ఇళ్లకు వెళ్లారు. అది డీన్ పద్ధతిగా ప్రచారమైంది. దీన్ని దొంగతనం అనడానికి మాకు మొహమాటం లేదు. 1922లో హోల్‌మాన్ ఒక వైద్య వ్యాసంలో దాన్ని బాల్ పద్ధతి అనే రాశాడు, డీన్ మార్పుల వల్ల ఒరిగిందేమీ లేదని కూడా తేల్చాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మందు పూర్తిగా నయం చేసేది కాదు, కొందరికి వ్యాధి తిరగబెట్టింది కూడా. అయినా 1940లలో సల్ఫోన్ మందులు వచ్చేదాకా రోగులకు అదే ఆధారం. ఇప్పుడు వాడే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. కలావుపాపా నిర్బంధం 1969 దాకా సాగింది.

కేథరిన్ టకారా, స్టాన్ అలీ వంటి పరిశోధకులు పాత రికార్డులు తవ్వడంతో ఆలిస్ పేరు మళ్లీ బయటికొచ్చింది. 2000లో హవాయి యూనివర్సిటీ తన ఆవరణలోని చాల్‌మూగ్రా చెట్టు దగ్గర ఆమె పేరుతో ఫలకం పెట్టింది. అప్పటికి ఆమె పోయి 83 ఏళ్లు దాటింది.